లిస్‌ఫ్రాంక్ దెబ్బ: నెలల తరబడి మానని పాదంతో నెట్టుకురావడం ఎలా?

మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఆరేసిన బట్టలు వానకి తడిసిపోతున్నాయని పరుగున వెళ్లి, చేతినిండా వేసుకుని దిగుతున్నాను. మెట్లు అయిపోయాయనుకున్నాను. ఇంకొకటి ఉంది. వేళ్లు నేలకి తగిలి, మడమ ఇంకా గాల్లో ఉండగానే ఒంటి బరువంతా పాదం మీద పడింది. లోపల ఏదో టక్కుమంది. ఆ సాయంత్రం ఎక్స్‌రే చూసి, ఎముక విరగలేదు, బెణికిందంతే, పది రోజుల్లో నడిచేస్తారు అన్నారు. మామూలు చెప్పులేసుకుని మా వీధి చివరి దాకా నడవడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

దీన్ని లిస్‌ఫ్రాంక్ దెబ్బ అంటారు. నెపోలియన్ కాలపు ఫ్రెంచి సర్జన్ జాక్ లిస్‌ఫ్రాంక్ పేరు అది. ఆయన ఈ దెబ్బకి వైద్యమేమీ కనిపెట్టలేదు. పాదం ముందు భాగాన్ని ఆ కీళ్ల దగ్గర తీసేసే ఆపరేషన్ ఎలా చెయ్యాలో 1815లో వివరించాడు. పేరు మాత్రం మన పాదానికి అతుక్కుంది.

నేను డాక్టర్ని కాదు. ఇప్పుడు పదిహేనో నెల నడుస్తోంది, మూడో నెలలో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. బరువు ఎప్పుడు మోపాలి, బూటు (పాదం కదలకుండా పట్టి ఉంచడానికి డాక్టర్లు వేయించే గట్టి బూటు) ఎప్పుడు తీయాలి అన్న విషయాల్లో మీ సర్జన్ మాటే చివరి మాట.

మొదట: ఏది తెగిందో అర్థం చేసుకోండి

షూ లేసు ముడి పడే చోట చెయ్యి పెట్టి చూడండి. వేళ్ల వైపు నుంచి వచ్చే ఐదు పొడుగాటి ఎముకలు అక్కడే వెనకున్న పొట్టి ఎముకలతో కలుస్తాయి. రెండో వేలి ఎముక మొదలు మిగతావాటికంటే కాస్త వెనక్కి, గాడిలో దిగినట్టు కూర్చుని ఉంటుంది. పాత కోటల్లో రాతి కమాను నడినెత్తిన బిగించిన రాయి ఉంటుంది చూడండి, అలా. పక్కపక్క ఎముకల మొదళ్లని లిగమెంట్లు కట్టి ఉంచుతాయి గానీ, బొటనవేలి ఎముకకీ రెండో వేలి ఎముకకీ మధ్య ఆ కట్టు లేదు. దాని బదులు లోపలి వైపు పొట్టి ఎముక నుంచి రెండో ఎముక మొదలుకి ఏటవాలుగా ఒక బలమైన లిగమెంట్ వెళ్తుంది. తెగేది అదే.

మానడం ఇంత ఆలస్యం ఎందుకంటే, లిగమెంట్లకి రక్తసరఫరా ఎలాగూ తక్కువ. పైగా ఈ కీళ్ల పని కదలడం కాదు, బిగిసి ఉండడం. నడకలో మడమ లేచిన ప్రతిసారీ బరువంతా వీటి మీదుగానే వేళ్లకి చేరుతుంది కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల వదులున్నా పాదం ఊరుకోదు. చెయ్యి విరిగితే మెడకి వేలాడేసుకుని తిరగొచ్చు. పాదానికి ఆ వీలేదీ?

స్థూలంగా చెప్పాలంటే, ఎముకల మధ్య ఎడం రాని దెబ్బైతే ఆరు వారాలు బరువు మోపకుండా పిండికట్టులోనో బూటులోనో ఉంచి, తర్వాత నెమ్మదిగా నడిపిస్తారు. ఎడం వచ్చిందంటే ఆపరేషనే. స్క్రూలూ ప్లేట్లతో బిగిస్తారు, లేదా ఆ కీళ్లని శాశ్వతంగా అతికించేస్తారు. ఏ దారైనా ఆర్నెల్ల నుంచి ఏడాది. వాపు ఏడాది దాటినా పూర్తిగా పోకపోవచ్చు. కేలెండర్‌లో ఈ లెక్క మొదటి రోజే రాసి పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

బెణుకు అని పంపించేశారా? నిలబెట్టి ఎక్స్‌రే తీయించండి

ఈ దెబ్బ మొదటి పరీక్షలో ఐదింట ఒకటి దాకా తప్పిపోతుందని వైద్యులే చెబుతారు. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఎముకలు బుద్ధిగా తమ చోటే కనిపిస్తాయి, బరువు పడితేనే ఎడమవుతాయి. నాలుగో రోజున నా అరికాలి మధ్యలో నేరేడు పండు నలిపినట్టు ఒక మచ్చ తేలింది. పాదం పైన కమిలితే మామూలు బెణుకూ కావచ్చు. అరికాలు కమిలితే మాత్రం అనుమానించాల్సిందే. నొప్పి చీలమండ దగ్గర కాకుండా పాదం నడుమ ఉన్నా, మునివేళ్ల మీద లేవలేకపోతున్నా అంతే.

రెండు పాదాల మీదా నిలబెట్టి, రెండింటికీ ఎక్స్‌రే తీయమని అడగండి. బొటనవేలి ఎముకకీ రెండోదానికీ మధ్య ఎడం రెండు మిల్లీమీటర్లు దాటినా, మంచి పాదం కంటే ఎక్కువగా ఉన్నా లెక్కలోకి వచ్చినట్టే. మొదటి రోజుల్లో నొప్పికి నిలబడలేకపోతే వారం పది రోజులాగి మళ్లీ తీస్తారు, లేదా సీటీ, ఎంఆర్ఐ రాస్తారు. నాకు పన్నెండో రోజున దొరికింది, పదహారో రోజున ఆపరేషన్ అయింది.

ఇక్కడ రెండు మాటలు. షుగర్ ఉన్నవాళ్లకి కాలు కాస్త మెలిక పడ్డాక పాదం ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే అది మంచి సంగతి కాదు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారిన పాదంలో ఎముకలు కుంగిపోయే జబ్బు ఒకటుంది, చార్కో పాదం అంటారు. నడక ఆపి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రెండోది, మన ఇళ్లల్లో పుత్తూరు కట్టు మాట రాకుండా ఉండదు. నాకూ ముగ్గురు చెప్పారు. దూరమైన రెండు ఎముకల్ని బయటి నుంచి కట్టే కట్టు ఏదీ దగ్గరికి తెచ్చి పట్టి ఉంచలేదు. ఇక నూనె పెట్టి లాగడం, మర్దన చెయ్యడం తెగిన చోట ఇంకా తెంపుతాయి.

కాలు నేలకి ఆనించని వారాలు

నాకు ఎనిమిది వారాలు. మొదటి రెండు వారాలు పని ఒక్కటే, కాలు గుండె కంటే ఎత్తులో ఉంచడం. దిండు మడమ కింద కాదు, పిక్క కింద పెట్టాలి, లేకపోతే మడమ ఒరుసుకుపోతుంది. కాలు కిందికి దించగానే పాదం వంకాయ రంగుకి తిరుగుతుంది, రక్తం దిగిన పోటు ప్రాణం మీదికి తెస్తుంది. మొదటిసారి నేను హడలిపోయాను. ఎత్తిన కాసేపటికి మామూలు రంగుకి వస్తే అది రక్తం దిగడమే. ఎత్తినా వేళ్లు నీలంగా, చల్లగా, తిమ్మిరిగా ఉంటే మాత్రం కట్టు బిగిసినట్టు, వెంటనే ఫోన్ చెయ్యాలి.

ఇల్లు సర్దుకోవడం మీద ఒక పూట పెట్టండి. చంక కర్రల కంటే వాకర్ నయం, ముఖ్యంగా నున్నటి టైల్స్ మీద. కర్రలే వాడితే బరువు చంకల మీద కాదు, అరచేతుల మీద పడాలి. చంకకీ కర్రకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. వంటింట్లో నాకు అక్కరకొచ్చింది చక్రాల ఆఫీసు కుర్చీ. అందులో కూర్చుని మంచి కాలితో తోసుకుంటూ పొయ్యి నుంచి సింకు దాకా తిరిగేదాన్ని. వాకర్ పట్టుకుంటే రెండు చేతులూ దానికే సరిపోతాయి, టీ గ్లాసు కూడా మోయలేం. వాకర్‌కి ఒక గుడ్డసంచి తగిలించి, టీ ఫ్లాస్కులో పోసి అందులో పడేసుకోండి.

బాత్రూంలో రబ్బరు కాళ్ల ప్లాస్టిక్ కుర్చీ వేయండి. కట్టు మీద పొడుగాటి ప్లాస్టిక్ కవరు తొడిగి పైన టేపు చుట్టాలి. అప్పుడు కూడా ఆ కాలు నీళ్లకి దూరంగా ఎత్తు పీట మీదే ఉండాలి. ఇండియన్ టాయిలెట్ ఒక్కటే ఉంటే మధ్యలో రంధ్రమున్న కమోడ్ కుర్చీ దొరుకుతుంది, దాన్ని పైన వేసుకోవచ్చు. మెట్లున్న ఇంట్లో సిగ్గుపడకుండా కూర్చుని డేకుతూ ఎక్కండి, దిగండి. తర్వాత బరువు మోపే రోజులొచ్చాక గుర్తుపెట్టుకోవాల్సింది, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు.

కాలు కదలకుండా ఇన్నాళ్లుంటే పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మందు అవసరమా అని డిశ్చార్జి రోజునే అడగండి. పొగతాగడం మానండి, ఎముక అతుక్కోవడానికీ పుండు మానడానికీ అది అడ్డం. గుడ్డు, పప్పు, పెరుగు రోజూ తినండి. విటమిన్ డి ఒకసారి చూపించుకోండి. నొప్పి బిళ్లలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగకండి, కిడ్నీలకి చేటు.

మళ్లీ నేల మీదకి: బరువు తూచే మిషన్

'కొంచెం కొంచెం బరువు మోపండి' అంటారు. కొంచెం అంటే ఎంత? పాదం చెప్పలేదు, ఎనిమిది వారాలుగా అది నేలనే మరిచిపోయింది. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉంటే దానితో నేర్చుకోవచ్చు. మిషన్ పక్కన అంతే ఎత్తున్న పుస్తకాల దొంతరో పలకో పెట్టండి. మంచి కాలు దొంతర మీద, బూటు వేసిన కాలు మిషన్ మీద, చేతులు వాకర్ మీద. నెమ్మదిగా ఒత్తుతూ ముల్లు 15 దగ్గరికి వచ్చాక ఆగండి. కళ్లు మూసుకుని ఆ ఒత్తిడి ఎలా ఉందో గుర్తుపట్టండి. కాలు తీసి, చూడకుండా మళ్లీ 15 కొట్టండి. నేను మొదటిసారి 15 అనుకుని ఒత్తితే 31 చూపించింది.

నా బరువు 64 కిలోలు. మా సర్జన్ మొదటి వారం 15, రెండో వారం 30, మూడో వారం 45, నాలుగో వారం పూర్తిగా అన్నారు. మీకు వేరే లెక్క ఇవ్వవచ్చు. లెక్క ఏదైనా కిలోల్లో చెప్పించుకోండి.

బూటు వేసుకున్న కాలు ఎత్తుగా ఉంటుంది. రెండో కాలికి కూడా అంత మందం చెప్పు వేసుకోకపోతే వారంలో నడుం పట్టేస్తుంది.

మర్నాటి పొద్దున చెప్పేదే లెక్క

ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ఈ పాదం ఆ పూట అబద్ధం ఆడుతుంది. నడుస్తున్నప్పుడు బాగానే ఉంటుంది, ఇంకో రౌండు వేద్దామనిపిస్తుంది. బిల్లు మర్నాడు వస్తుంది.

అందుకే పొద్దున మంచం మీంచి బాత్రూం దాకా వేసే మొదటి పది అడుగుల్నే కొలతగా పెట్టుకున్నాను. ముందురోజు చేసిన పనిలో నొప్పి పదికి మూడు దాటకుండా ఉండి, పొద్దుటికి ఎప్పటి స్థాయికి వచ్చేస్తే ఆ పని పాదానికి సరిపడ్డట్టే. ఆ వారమంతా అంతే చేసి, వచ్చే వారం పదోవంతు పెంచాలి. పొద్దున అడుగులు నిన్నటికంటే కుంటుగా పడితే రెండు రోజులు సగానికి తగ్గించాలి. పూర్తిగా మంచమెక్కితే మాత్రం కీళ్లు బిగుసుకుపోతాయి.

పెంచేటప్పుడు ఒక్కసారి ఒక్కటే మార్చండి. కొత్త చెప్పులు, ఎక్కువ దూరం, కొత్త వ్యాయామం మూడూ ఒకే రోజు మొదలుపెడితే తప్పెవరిదో తేలదు.

వాపు కంటితో చూస్తే తెలియదు, కొలవాలి. దర్జీ టేపు తీసుకుని, పాదం నడుమ పెన్నుతో చిన్న గీత పెట్టి, రోజూ పొద్దున లేవగానే అదే గీత మీద చుట్టండి. నా మంచి పాదం 23.5 సెంటీమీటర్లు. దెబ్బ పాదం మూడో నెలలో 26, ఏడాది నాటికి 24. మధ్యలో ఎన్నిసార్లు ఏడ్చానో గానీ, నోట్‌బుక్కులో అంకెలు మాత్రం నెలనెలా దిగుతూనే ఉన్నాయి. రోజు వెనక రోజు చూస్తే ఏమీ కదలనట్టుంటుంది. నాలుగు వారాల వెనక పేజీ తిప్పి చూడండి.

ఇంకో సంగతి, నిలబడడం నడవడం కంటే చెడ్డది. ఆరో నెలలో పిన్ని కూతురి పెళ్లికి వెళ్లాను. పెద్దగా నడవలేదు, తలంబ్రాల దాకా స్టేజీ పక్కన నిలబడ్డానంతే. నాలుగు రోజులు మళ్లీ బూటు తొడగాల్సి వచ్చింది. పెళ్లికి వెళ్లండి, వెళ్లగానే కుర్చీ చూసుకోండి, ఎదురుగా ఇంకో కుర్చీ కాలికి.

చెప్పుల దగ్గర పిసినారితనం వద్దు

మనం ఇంట్లో చెప్పుల్లేకుండా తిరిగే జనం. ఈ దెబ్బకి గట్టి టైల్స్ మీద ఉత్తి కాలితో నడవడం కంటే అన్యాయం లేదు. ఇంట్లోకే ఒక జత విడిగా పెట్టుకోండి, మా అమ్మ వంటింటి గడప దాటనివ్వడానికి రెండు వారాలు పట్టింది.

షాపులో షూ కొనేముందు రెండు పరీక్షలు చెయ్యండి. ముందూ వెనకా పట్టుకుని మడవండి. వేళ్ల దగ్గర తప్ప నడుమ వంగకూడదు, అసలు వంగకపోతే ఇంకా మంచిది. తర్వాత తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి, తిరగకూడదు. ముందు భాగం పడవలా కాస్త పైకి లేచి ఉంటే అడుగు దొర్లిపోతుంది, పాదం నడుమ భారం తగ్గుతుంది. మెత్తటి రబ్బరుతో చేసే ఎంసీఆర్ చెప్పులు వాడమని చాలామంది చెబుతారు. వాటి మెత్తదనం మడమ నొప్పికీ షుగర్ పాదాలకీ పనికొస్తుంది. మనకి కావాల్సింది మెత్తదనం కాదు, వంగకపోవడం. హవాయి చెప్పులు అసలు వద్దు, జారకుండా పట్టుకోవడానికి వేళ్లు బిగించాల్సి వస్తుంది.

లోపల పాదం వంపుకి ఆసరా ఇచ్చే ఇన్‌సోల్ కావాలి. ముందు రెడీమేడ్‌ది వేసి చూడండి, చాలకపోతే కొలతలిచ్చి చేయించుకోవచ్చు. కార్బన్ ఫైబర్ పలక ఒకటి దొరుకుతుంది, ఇన్‌సోల్ కింద వేస్తే మామూలు షూ కూడా వంగదు. ఆపరేషన్ గీత మీద లేసు నొక్కుతుంటే ఆ ఒక్క రంధ్రం వదిలేసి కట్టండి. అంత చిన్న మార్పుకి గంట సేపు ఎక్కువ నడిచాను.

వ్యాయామాలు

డాక్టర్ సరేనన్నాక మొదటిది చీలమండ కదలిక. బొటనవేలిని పెన్ను అనుకుని గాల్లో అ ఆ ఇ ఈ రాయడం. ఋ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ పట్టేసిందో తెలిసిపోతుంది. తర్వాత పాదాన్ని పొట్టి చెయ్యడం: వేళ్లు ముడవకుండా, వేళ్ల మొదళ్లని మడమ వైపు లాగినట్టు వంపుని పైకి లేపి ఐదు అంకెలు లెక్కపెట్టాలి. చూడ్డానికి ఏమీ లేదనిపిస్తుంది, పదిసార్లకి అరికాలు వణుకుతుంది. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడడం ఇంకొంచెం తర్వాత.

అసలు పరీక్ష మడమ లేపడం. వంటగట్టు పట్టుకుని రెండు కాళ్ల మీద లేవడం నాకు ఐదో నెలలో వచ్చింది, ఒక్క దెబ్బ కాలి మీద లేవడం పదో నెలలో. అది రాకుండా పరుగెత్తాలనీ షటిల్ ఆడాలనీ అనుకోకండి. ఊపిరి ఆడేంత వ్యాయామం కావాలంటే నిలబెట్టిన సైకిల్ ఉంది, మొదట్లో పెడల్ మడమ కిందికి పెట్టుకుని తొక్కండి. ఈత కూడా మంచిదే, గోడని తన్ని తిరగకుండా ఉంటే.

కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుకూర్చోవడం చివర్లో వచ్చేవి. తొందరపడకండి.

బండి, ఆఫీసు

కుడి కాలైతే కారు నడపడానికి బూటు పోవడం ఒక్కటే చాలదు. సడెన్‌గా బ్రేకు కొట్టగలగాలి. ఆపి ఉన్న కారులో కూర్చుని పదిసార్లు గట్టిగా తొక్కి చూడండి, ఒక్కసారి జంకినా ఇంకా టైముంది. సర్జన్‌నీ అడగండి. ఎడమ కాలికి దెబ్బైతే గేర్ల బండి ఇబ్బంది, గేరు పైకి లేపేది సరిగ్గా ఆ మీగాలితోనే. గేర్లు లేని స్కూటర్ నయమే గానీ, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు టక్కున కిందికి ఆనించేది ఏ కాలో ఆలోచించుకోండి.

ఆఫీసులో డెస్కు కింద ఎత్తు పీట అడగండి. 'మెల్లగా నడవండి' అనే సర్టిఫికెట్ ఎవరికీ అర్థం కాదు. ఎన్ని గంటలు నిలబడొచ్చు, మెట్లెక్కొచ్చా లేదా అని అంకెల్లో రాయించుకోండి.

'ఇంకా తగ్గలేదా?'

ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ఇదే అడుగుతారు. వాళ్ల బావమరిదికి కాలు విరిగి నెలలో లేచి తిరిగాడని కూడా చెబుతారు. ఆయనకి విరిగింది ఎముక, నాకు తెగింది లిగమెంట్ అని మొదట్లో పాఠం చెప్పేదాన్ని. తర్వాత 'ఏడాది పడుతుందన్నారు, ఐదో నెల నడుస్తోంది' అనడం నేర్చుకున్నాను. ఆ జవాబుకి ఎదురు ప్రశ్న ఉండదు. ఇంట్లోవాళ్లకి మాత్రం వివరంగా చెప్పండి. బూటు తీసేసిన రోజున అందరూ అయిపోయిందనుకుంటారు. బూటులో ఉన్నప్పుడు నీళ్లు తెచ్చిచ్చినవాళ్లే అప్పుడు మనల్ని నీళ్లడుగుతారు.

నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం వారాల తరబడి సాగితే అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన లక్షణమే.

ఆగకుండా వెళ్లాల్సినవి

పిక్క వాచి నొక్కితే నొప్పి. ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి వస్తే నేరుగా ఎమర్జెన్సీకే. కుట్ల దగ్గర చీము, జ్వరం. ముట్టుకుంటే భరించలేని మంట, చర్మం రంగూ వేడీ మారిపోవడం. తగ్గుతున్న నొప్పి ఉన్నట్టుండి ఎక్కువ కావడం, పాదం వంపు చదునైనట్టు కనిపించడం. పాదం పైన, మొదటి రెండు వేళ్ల మధ్య మొద్దుబారడం ఆపరేషన్ తర్వాత మామూలే, అయినా తర్వాతి చెకప్‌లో చెప్పండి.

లోపలున్న ఇనుము, ముందున్న మెట్లు

కీళ్ల మీదుగా వేసిన స్క్రూలూ ప్లేట్లూ కొందరికి మూడు నుంచి ఆరు నెలల మధ్య తీస్తారు, కొందరికి వదిలేస్తారు. కీళ్లు అతికించినవైతే సాధారణంగా అలాగే ఉంటాయి. నాకు ఐదో నెలలో తీశారు. ఆపరేషన్ నోట్, ఇంప్లాంట్ స్టిక్కర్లు, ఎక్స్‌రే సీడీ ఒకే ఫైల్లో పెట్టండి. రేపు ఇంకో ఊళ్లో ఇంకో డాక్టర్ ముందు కూర్చుంటే పనికొచ్చేవి అవే. ఎంత బాగా కుదిరినా ఆ కీళ్లలో అరుగుదల రావచ్చు. రెండేళ్ల తర్వాత పొద్దున బిగుతు, చలికాలం సలుపు మొదలైతే కొత్త దెబ్బ అనుకుని బెంబేలెత్తకండి, కానీ నిలబెట్టి తీసే ఎక్స్‌రే మళ్లీ ఒకటి తీయించండి.

ఆపరేషన్ రోజున మా అమ్మ నా తరఫున మొక్కేసింది, అలిపిరి మెట్లు నడిచి ఎక్కిస్తానని. 3,550 మెట్లు, అదీ చెప్పుల్లేకుండా. సాక్సు లోపల ఇన్‌సోల్ పెట్టుకుని ఎక్కొచ్చునని ఫిజియో దారి చూపించింది, దిగడం ఎలాగూ బస్సులోనే. మా అపార్ట్‌మెంట్ కింది నుంచి టెర్రస్ దాకా 90 మెట్లు. ఎక్కడం నడిచి, దిగడం లిఫ్టులో. నలభై సార్లు ఎక్కితే అలిపిరి. ఆరు దాకా వచ్చాను. పోయిన ఆదివారం ఏడోసారి కూడా ఎక్కాను. సోమవారం పొద్దున టేపు 24.5 చూపించింది, మళ్లీ మూడు దగ్గరికి వచ్చాను.